పొద్దున కొట్టిన గాలి సాయంత్రానికి దిగిపోతుంటే

పొందూరు పక్క పల్లెల్లో ఉత్తరాలు పంచడం నా పని. రోజుకు 14 కిలోమీటర్లు పాత నల్ల సైకిల్ మీదే తిరుగుతాను. టైరు ఒక్కసారిగా బుస్సుమంటే నాకు టెన్షన్ లేదు, ఎక్కడ పోయిందో వెంటనే తెలుస్తుంది. రాత్రి గట్టిగా గాలి కొడితే తెల్లారేసరికి సగం దిగిపోయే రకంతోనే అసలు బాధ.

ఇలాంటప్పుడు ముందే టైరు విప్పకండి. మొదట వాల్, అంటే గాలి కొట్టే నోరు చూడండి. మూత తీసి, లోపలుండే పిన్ను నోటి మీద కాస్త ఉమ్మి రాసి రెండు నిమిషాలు ఆగండి. బుడగ మెల్లగా ఉబ్బిందంటే దొంగ అక్కడే దొరికాడు. మన పాత సైకిళ్ల వాల్‌లో పిన్నుకి పక్కన ఒక చిన్న బెజ్జం ఉంటుంది. దాని మీద సన్నని రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది, అదే వాల్‌ట్యూబ్. ఎండలకి అది పగులుతుంది, లేదా జిగురులా అతుక్కుపోతుంది. రింగు విప్పి పిన్ను లాగండి. గాలంతా పోతుంది కాబట్టి పంపు దగ్గర పెట్టుకోండి. కొత్త ముక్కను నీళ్లతో తడిపి, బెజ్జం పూర్తిగా మూసుకునేలా పైదాకా ఎక్కించండి. జారుతుంది కదా అని నూనె మాత్రం రాయకండి, రబ్బరు పాడవుతుంది. నా చొక్కా జేబులో ఎప్పుడూ రెండు ముక్కలుంటాయి.

వాల్ బాగుంటే అప్పుడు టైరు విప్పాలి. దానికి ముందు వాల్ ఎదురుగా టైరు మీద సుద్దతో గీత పెట్టండి. ట్యూబులో కన్నం దొరికాక టైరులో ఎక్కడ వెతకాలో ఆ గీతే చెబుతుంది. ఒక పక్కే విప్పితే చాలు. స్క్రూడ్రైవర్ పెట్టి లాగితే ట్యూబ్ చిరుగుతుంది.

ట్యూబుని కాస్త లావుగా ఉబ్బించి నీళ్ల బేసిన్‌లో జానెడు జానెడుగా ముంచండి. పైన అంటుకున్న బుడగల్ని ముందు చేత్తో తుడిచేయాలి, అవి మోసం చేస్తాయి. ప్రతి చోటా పది లెక్కపెట్టేదాకా కదపకండి. మెల్లగా పోయే గాలి ఎప్పుడో ఒక్క బుడగే వదులుతుంది. పాత అతుకుల అంచులు తప్పకుండా చూడండి. కన్నం దొరికితే పెన్నుతో పొడుగు గీతలతో అడ్డగుర్తు పెట్టండి. చిన్న చుక్క పెడితే రుద్దినప్పుడు చెరిగిపోతుంది.

కన్నం ఉన్న చోటు కారణం చెబుతుంది. బయటి వైపుంటే ముల్లు. రిమ్ము వైపుంటే లోపలి పట్టీ జరిగి, చక్రం పుల్ల (స్పోక్) కొన గుచ్చుతోంది. పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువగా ఉన్నప్పుడు రాయెక్కించారు.

కోతలయ్యాక ఒకసారి ఒకే చోట నేను మూడుసార్లు పంచర్ వేశాను. మా ఊరి సైకిల్ షాపు తాత టైరు చూసి, "ఏటి బాబూ, ముల్లు తియ్యకుండా పంచరేసీసినారా?" అన్నాడు. బియ్యపుగింజలో సగం కూడా లేని పల్లేరు ముల్లు మొన రబ్బరులో ఇరుక్కుని ఉంది. వేలికి తగల్లేదు, కంటికి ఆనలేదు. తాత చిటికెడు దూది తీసుకుని టైరు లోపలంతా తిప్పాడు. దూది పోగు చిక్కుకున్న చోటే ముల్లు. ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకే ఊరు మాది, అయినా ఆ దూదితో ముల్లు వెతకొచ్చని నాకు తట్టలేదు. అప్పట్నుంచి ఏ ట్యూబు విప్పినా ముందు దూది తిప్పుతాను. దొరికిన ముల్లుని పట్టకారుతో లాగుతాను, అది జారితే లోపలి నుంచి సూదితో బయటకు తోస్తాను.

అతుకు వేయడం అందరికీ తెలిసిందే. ఆకురాయితో గరుకు చేసి, ట్యూబ్ మీద అచ్చుగీత ఉంటే దాన్నీ అరగదీసి, సొల్యూషన్ (పంచర్ జిగురు) పలచగా రాయండి. వేలికి అంటకుండా ఆరేదాకా ఆగండి. తడిగా ఉండగానే అతికించిన అతుకు వారం తిరక్కుండా లేస్తుంది. అతికించాక నడుమ నుంచి అంచులకి గట్టిగా నొక్కి, పైన కాస్త ముఖం పౌడర్ చల్లండి, టైరుకి అంటుకోదు.

కాస్త గాలి కొట్టి ట్యూబ్ మడతపడలేదని, వాల్ నిటారుగా ఉందని చూసుకున్నాకే టైరు ఎక్కించండి. రాత్రికి గట్టిగా కొట్టి పెట్టండి. తెల్లారి బొటనవేలితో నొక్కితే ఇంకా మెత్తగా ఉంటే మళ్లీ వాల్ దగ్గరికే వెళ్లి, ఈసారి నట్టు మొదట్లో నీళ్లు పోసి చూడండి. వాల్ ట్యూబుకి కలిసే చోట చీలితే అతుకు నిలవదు, ట్యూబే మార్చాలి.