మధ్య పదం విడగొట్టడానికి ఊహించనక్కర్లేదు

విజయనగరంలో సాయంత్రాలు మా అరుగు మీద పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్తుంటాను. వర్గ బహుపదుల కారణాంకాల దగ్గర అందరూ ఒకేచోట ఆగిపోతారు: మధ్య పదాన్ని ఏ రెండు సంఖ్యలతో విడగొట్టాలి? ఊహించి, కొట్టేసి, పేజీ నిండిపోయి టెన్షన్ పడతారు.

ముందు విచక్షణి కట్టండి, అంటే బి² − 4ఏసీ (ఎక్స్² ముందున్న సంఖ్య ఏ, ఎక్స్ ముందున్నది బి, చివరిది సీ). 6ఎక్స్² − ఎక్స్ − 15 తీసుకుందాం. 1 + 360 = 361, అంటే 19 వర్గం. వర్గసంఖ్యే వచ్చింది కాబట్టి పూర్ణసంఖ్యలతో విడిపోతుంది. ఆ 19ని వదిలేయకండి, మనం వెతికే రెండు సంఖ్యల తేడా అదే! మొత్తం ఎక్స్ ముందున్న −1, తేడా 19. అంటే 9, −10.

6ఎక్స్² + 9ఎక్స్ − 10ఎక్స్ − 15
= 3ఎక్స్(2ఎక్స్ + 3) − 5(2ఎక్స్ + 3)
= (3ఎక్స్ − 5)(2ఎక్స్ + 3)

−5 బయటికి తీసేటప్పుడు లోపలి గుర్తు మార్చడం మరిచిపోవద్దు, మా పిల్లలకి మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.