ట్రూన్‌లో ఇల్లు తీసుకునే ముందు

అరిజోనాలోని ఉత్తర స్కాట్స్‌డేల్‌లో పినకిల్ పీక్ కొండ పక్కనున్న ట్రూన్ గోల్ఫ్ కమ్యూనిటీల్లో ఇల్లు చూస్తున్నారా? పేరు స్కాట్లాండ్ సముద్రతీరంలోని రాయల్ ట్రూన్ గోల్ఫ్ క్లబ్‌ది. ఇక్కడి కోర్సులు డిజైన్ చేసినవాళ్లలో ఒకరైన గోల్ఫ్ ఆటగాడు టామ్ వైస్‌కాఫ్ 1973లో బ్రిటిష్ ఓపెన్ గెలిచింది అక్కడే. అక్కడ ఆటను నడిపించేది గాలీ వానా అయితే, ఇక్కడ నీటి కరువు. 1980లో అరిజోనా భూగర్భజల చట్టం వచ్చాక గోల్ఫ్ కోర్సుల నీటికి లెక్క మొదలైంది. అందుకే టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర కాస్త, ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య దారి) ఒక పట్టీ, గ్రీన్ (గుంట ఉండే చోటు) చుట్టూ కాస్త గడ్డి ఉంటాయి, మిగతాదంతా రాళ్లూ సాగ్వారో కాక్టస్‌లే. నాకైతే ఈ నేల అందమే అది.

ఇల్లు చూసేటప్పుడు టీ దగ్గర నిలబడి ఒకసారి చూడండి. కుడిచేతి ఆటగాళ్లలో చాలామంది బంతి కుడివైపుకే వంగిపోతుంది కాబట్టి, టీ నుంచి 200 గజాల అవతల కుడిపక్కన ఉన్న ఇళ్లకే దెబ్బలు ఎక్కువ. అద్దం పగిలితే ఖర్చు ఎవరిదో సంతకం పెట్టకముందే హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) కాగితాల్లో చదవండి. ఇల్లు కొన్నంత మాత్రాన క్లబ్ మెంబర్‌షిప్ దానంతటదే రాదు, విడిగా అడగాలి.

పెరడంతా మనదే అనుకోవద్దు. చాలా స్థలాల్లో కొంత భాగాన్ని సహజంగా వదిలేయాలని సిటీ రూల్ ఉంది, అక్కడ పొద కొట్టకూడదు. సాగ్వారోకి రాష్ట్ర చట్టం రక్షణ ఉంది, అడ్డంగా ఉందని పీకించకండి.

తేళ్ల విషయంలో టెన్షన్ పడేకన్నా అల్ట్రావయొలెట్ టార్చ్ కొనుక్కోండి. ఎండాకాలం రాత్రి లైట్లన్నీ ఆపేసి గోడ వారగా వెలుగు వేస్తే, అక్కడ ఏమీ లేదనుకున్న చోట తేలు లేత ఆకుపచ్చగా మెరుస్తూ కనిపిస్తుంది, తోకతో సహా. తలుపుల కింద సందులు మూయించండి, బయట వదిలిన బూట్లు దులిపే వేసుకోండి. చోయా కాక్టస్ ముక్క కాలికి అంటుకుంటే చేత్తో లాగొద్దు, అది వేళ్లకి పట్టేస్తుంది. గోల్ఫ్ బ్యాగులో ఒక దువ్వెన పెట్టుకుని, దాన్ని ముక్క కిందకి దూర్చి ఎగదోయండి.

జూన్ నుంచి ఆట తెల్లవారుజామునే. జులై, ఆగస్టుల్లో వాన పడితే ఎండిన వాగులు నిమిషాల్లో నిండుతాయి. బారికేడ్ దాటి కారు పోనిచ్చి ఇరుక్కుంటే, బయటికి తీసిన ఖర్చు మీ దగ్గరే వసూలు చేయొచ్చని ఇక్కడ చట్టమే ఉంది.

చుట్టాలని ఆటకి పిలుస్తుంటే సెప్టెంబరు చివర, అక్టోబరు వద్దు. బెర్ముడా గడ్డి చలికి నిద్రపోతుంది కాబట్టి రై గడ్డి విత్తనం చల్లి కోర్సుని కొన్ని వారాలు మూసేస్తారు. తేదీలు క్లబ్బుని అడిగాకే టికెట్లు తీయమనండి.