ఎవరికి ఎలాంటి ఇల్లు? 3వ పాఠం: పొయ్యిల లెక్క

గత పాఠంలో వార్డు పటం మీద ఇళ్లు, సందులు, కుళాయిలు గుర్తించి ఇంటింటి పత్రం నింపాం. ఇప్పుడు ఆ పత్రాల కట్ట ముందేసుకుని కొరత తేల్చాలి. ‘మా వార్డుకు ఇన్ని వందల ఇళ్లు కావాలి’ అని ఒకే అంకెతో వెళ్లే అర్జీ బీరువాలోకి పోతుంది. ఎవరికి, ఏ రకం, ఎక్కడ అని విడగొట్టిన అంకెలను పక్కన పెట్టడం కష్టం.

ముందు తలుపులు వదిలేసి పొయ్యిలు లెక్కపెట్టండి. జనాభా లెక్కల్లో కుటుంబం అంటే ఒకే వంటగదిలో తినేవాళ్లు. ఒక డోర్ నంబరు వెనక మూడు పొయ్యిలుండటం విశాఖలో మామూలే. కింద ఓనరు, పైన కొడుకు కాపురం, మెట్ల పక్క గదిలో అద్దె జంట. ఇంటి పన్ను రికార్డు మాత్రమే చూస్తే అదంతా ఒక్క ఇల్లు. గాజువాక, పెదగంట్యాడ వైపు కథ వేరు. ఒకే గదిలో అయిదారుగురు కాంట్రాక్టు పనివాళ్లుంటారు, మెస్సులో తింటారు, పొయ్యే ఉండదు. మంచాలు షిఫ్టుల వారీగా పంచుకుంటే పగలు వెళ్లినవారికి ఇద్దరే కనిపిస్తారు. అలాంటి గదులకు ‘మంచాలెన్ని, మనుషులెందరు’ అని రెండు గళ్లు వేరే పెట్టండి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిది దాటాక మరోసారి తలుపు తట్టండి. ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న హాస్టళ్లకూ ఇదే పద్ధతి.

ఆదాయం గడి దగ్గర నెల చూసుకోండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మే నెలలో జాలరిపేటలో అడిగితే చెప్పేది సంపాదన కాదు, అప్పు. వేట ఉన్న నెలలో అడిగి పన్నెండుతో హెచ్చవేసినా తప్పే. ఉదాహరణకు వేట నెలల్లో 28,000, నిషేధం నెలల్లో 4,000 వచ్చే ఇల్లు తీసుకోండి. పన్నెండుతో హెచ్చిస్తే 3.36 లక్షలు. విడివిడిగా కడితే 2.8 లక్షలకు 8 వేలు కలిపి 2.88 లక్షలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ పథకంలో ఆర్థికంగా బలహీన వర్గం గీత ఏడాదికి 3 లక్షలు, దాని పైన 6 లక్షల దాకా అల్పాదాయ వర్గం. అంటే తొందరపాటు హెచ్చవేతతో ఆ కుటుంబం గీత దాటిపోయింది, ఆ వర్గానికిచ్చే ఇల్లూ చేజారింది.

ఇక కొరత లెక్క. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం వాడిన నాలుగు పెట్టెలే మనమూ వాడదాం. ఒకటి, ఇల్లే లేనివారు. రెండు, నిలబెట్టడానికి పనికిరాని కచ్చా ఇళ్లు. మూడు, శిథిలాలు, అంటే 40 నుంచి 80 ఏళ్ల మధ్య వయసుండి పాడైనవి, 80 దాటినవన్నీ. నాలుగు, ఇరుకు. పెళ్లయిన ప్రతి జంటకూ విడిగా ఒక గది లేని ఇల్లు ఇరుకు కిందే లెక్క. దేశమంతటి పట్టణాల్లో అప్పుడు తేలిన కొరత 1.878 కోట్ల ఇళ్లు. అందులో ఇరుకుదే దాదాపు 1.5 కోట్లు, ఇల్లే లేనివారు 5.3 లక్షలు. ఈ నిష్పత్తి మనసులో ఉంచుకోండి. మీ వార్డులో ఇరుకు చాలా తక్కువగా తేలితే జంటల గడి ఎవరో సరిగ్గా నింపలేదన్నమాట.

పెట్టెల్ని ఈ వరసలోనే నింపండి. ఒకసారి ఒక పెట్టెలో పడిన పత్రం మరో దాంట్లోకి వెళ్లకూడదు, పడగానే ఎర్ర పెన్నుతో గీత కొట్టండి. లెక్క సులువుగా ఉండటానికి 1,000 పొయ్యిలున్న ఊహా వార్డు తీసుకుందాం. ఇల్లు లేనివి 6. కచ్చా 40. శిథిలాలు 70, కానీ వాటిలో 15 కచ్చాలో వచ్చేశాయి, మిగిలేది 55. ఇరుకువి 210, వాటిలో 35 ముందు పెట్టెల్లో ఉన్నాయి, మిగిలేది 175. మొత్తం 276. గీత కొట్టకుండా కూడితే 326 వచ్చేది. ఆ 50 లేని ఇళ్లు. తనిఖీలో అవి బయటపడితే మిగతా 276నీ ఎవరూ నమ్మరు.

276 కొరత కదా, 276 కొత్త ఇళ్లు అడుగుదామా? వద్దు. అసలు పని ఇక్కడే ఉంది.

ఇరుకు పెట్టె మళ్లీ తెరవండి. సొంత పట్టా ఉండి, పైన గది వేసుకోగలిగిన ఇళ్లు ఎన్నో చూడండి. గోడ మందం కొలవండి. తొమ్మిది అంగుళాల గోడ, కింద సరైన పునాది ఉంటే ఇంజినీరుకు చూపించవచ్చు. నాలుగున్నర అంగుళాల గోడ పై అంతస్తు మోయదు. స్లాబు అడుగున చిన్న సుత్తితో తట్టండి. బోలు శబ్దం వస్తే లోపల కడ్డీ తుప్పు పట్టి ఉండవచ్చని అర్థం. సముద్రపు ఉప్పు గాలికి విశాఖలో ఇది తరచూ కనిపించే జబ్బు, పెచ్చులు ఊడేదాకా ఎవరూ పట్టించుకోరు. మన ఊహా వార్డులో ఇలా 80 ఇళ్లకు గది కలిపితే చాలనుకుందాం. మిగిలినవి 196.

వీటిలో కొండవాలు ఇళ్లను పక్కకు తీయండి. 2011 లెక్కల్లో పది లక్షలు దాటిన నగరాల్లో మురికివాడల కుటుంబాల వాటా అత్యధికంగా, 44 శాతం, విశాఖ మహానగర పాలక సంస్థ (జీవీఎంసీ)లోనే తేలింది. అలాంటి బస్తీలు కొన్ని కొండలెక్కి ఉన్నవే. మన కొండలది ఖొండలైటు రాయి. అది శిథిలమై ఎర్రమట్టి అయిన చోట వాన నీరు ఇంకితే జారుతుంది. వాలును నిలువుగా కోసి కట్టిన ఇల్లు, ఉబ్బిన రక్షణ గోడ, గోడ కింద ఊరే నీళ్లు, వంకర తిరిగిన కరెంటు స్తంభం: ఈ నాలుగింటిలో రెండు కనిపిస్తే ఆ ఇల్లు అక్కడే తిరిగి కట్టాల్సినదని రాయకండి, ఇంజినీరు తేల్చేదాకా ‘కదపాలి’ గడిలో ఉంచండి. మిగతా చోట్ల పట్టా ఉంటే అక్కడే కొత్త ఇల్లు. అలాంటివి 62 అనుకుందాం.

తరువాత అద్దెవాళ్లు. సొంతిల్లు ఇస్తామంటే వద్దనేవారు ఉండరు కాబట్టి ‘ఇల్లు కావాలా’ అని అడగటం దండగ. ‘పనికి ఎంత దూరం వెళ్లగలరు’ అని అడగండి. నగరానికి దూరంగా సబ్బవరం వైపు ఉచితంగా స్థలం వచ్చిందనుకోండి. ఇంట్లో ఇద్దరు సంపాదించేవాళ్లు, ఒక్కొక్కరికి రానూపోనూ రోజుకు 80 రూపాయలు, నెలకు 25 రోజులు. మొత్తం 4,000. అద్దె పోయినా దాని బదులు బస్సు ఛార్జీ వచ్చింది. హార్బరులో తెల్లవారుజామున చేపల వేలానికి చేరాల్సిన ఆడవాళ్లకైతే ఆ వేళకు బస్సే ఉండకపోవచ్చు. ఇలాంటివాళ్లను అద్దె గడిలో వేయండి. 2024 సెప్టెంబరు 1న మొదలైన పీఎంఏవై 2.0లోని నాలుగు దారుల్లో ఒకటి అద్దె ఇళ్లదే. మనవాళ్లు అడగని దారి కూడా అదే. ఊహా వార్డులో ఇవి 70. ఇల్లు లేని 6 కుటుంబాలకు ముందు ఆశ్రయం కావాలి, 2024 దాకా అది జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ పద్దు.

మిగిలింది 58. ‘కదపాలి’ గడిలోవీ ఇందులోనే. కొత్త భూమి, కొత్త ఫ్లాట్లు అడగాల్సింది ఈ యాభై ఎనిమిదికే.

ఇందులోనూ కొలత చూడాలి. పట్టణాల్లో ఫ్లాట్లు కట్టే రాష్ట్ర సంస్థ ఏపీ టిడ్కో ఇళ్లు 300, 365, 430 చదరపు అడుగులవి. మొదటి రెండింటిలో పడక గది ఒక్కటే. రెండు జంటలున్న కుటుంబాన్ని ఇరుకు పెట్టెలోంచి తీసి 300 అడుగుల ఫ్లాటులో పెడితే మళ్లీ ఇరుకు పెట్టెలోనే పడుతుంది. వాళ్లకు 430ది, లేకపోతే పక్కపక్కనే రెండు చిన్నవి రాయండి. వీల్‌చైర్ వాడేవాళ్లకు కింది అంతస్తు, 90 సెంటీమీటర్ల తలుపు, ర్యాంపు. ర్యాంపు వాలు 1:12, అంటే అరుగు 45 సెంటీమీటర్ల ఎత్తుంటే 5.4 మీటర్ల పొడవు. స్థలం లేదని సగం పొడవులో వేస్తే ఎక్కేది వీల్‌చైర్ కాదు, స్కూటర్. వలలు, ఐస్ పెట్టెలు ఉన్న జాలరి కుటుంబానికి మూడో అంతస్తు రాసే ముందు కింద సామాను గది ఉందా అని చూడండి. తీరానికి 500 మీటర్ల లోపు స్థలమైతే తీర నియంత్రణ మండలి (సీఆర్‌జెడ్) నిబంధనలు వర్తిస్తాయి, ఆ సర్వే నంబర్ల పక్కన చుక్క పెట్టుకోండి.

అభ్యాసం: మీ వీధిలో 50 పత్రాలు తీసుకుని నాలుగు పెట్టెల్లో వేయండి. గీత కొట్టకుండా ఒకసారి, కొట్టి ఒకసారి కూడి తేడా రాయండి. తరువాత గది కలిపేవి, అక్కడే కట్టేవి, అద్దె, ఆశ్రయం, కొత్తవి అని అయిదు గళ్లు గీసి పంచండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి దగ్గర పటంతో సరిచూసుకోండి. నాలుగో పాఠంలో ‘కొత్తవి’ గడి పట్టుకుని భూమి వెతుకుదాం.