బడిలో గ్రూపుల గోల, డేటా ఖర్చు తగ్గించుకోవడం ఎలా?

ప్రార్థన బెల్లు కొట్టకముందే హెచ్ఎం గారి ఫోన్ మోగుతుంది. "మోస్ట్ అర్జెంట్" అంటూ ఒక ప్రొఫార్మా, అంటే బడి వివరాలు నింపి పంపాల్సిన ఫారం. అదే ప్రొఫార్మా మండలం వాట్సాప్ గ్రూపులో, కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) గ్రూపులో, మళ్లీ సీఆర్పీ (ఆ బడుల మధ్య సమన్వయం చూసే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) దగ్గర్నుంచి విడిగా, ఆఖరికి మెయిల్లో కూడా. హాజరు యాప్, యూడైస్ ప్లస్ (బడుల సమాచారం నింపే ప్రభుత్వ పోర్టల్) వివరాలు, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎలాగూ తప్పవు, వాటి జోలికి పోవద్దు. మన చేతిలో ఉన్న గోల సంగతి చూద్దాం.

ముందు ఒక వారం లెక్క రాయండి

పాత నోట్‌బుక్ ఒకటి చాలు. ఏం వచ్చింది, ఎక్కడి నుంచి, ఎన్నిసార్లు, దానితో ఎవరికి పని పడింది? ఈ నాలుగే రాయండి. శనివారం తిరగేస్తే పూల బొమ్మల గుడ్ మార్నింగ్‌ల కన్నా "ఓకే సార్"లే ఎక్కువ కనబడతాయని నా అనుమానం. 20 మంది ఉన్న గ్రూపులో హెచ్ఎం ఒక నోటీసు పెడితే, మిగతా 19 మందీ "ఓకే సార్" అంటారు. ఒక్కో "ఓకే" తక్కిన 19 ఫోన్లకు చేరుతుంది. ఒక్క నోటీసుకు 361 మోతలు!

గ్రూపు నోరు కట్టేయండి

స్టాఫ్ గ్రూపు సెట్టింగ్స్‌లోకి వెళ్లి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా మార్చండి. అందరూ చూశారో లేదో తెలియాలంటే, పెట్టిన మెసేజ్ మీద వేలు నొక్కిపట్టి వివరాలు తెరవండి. ఎవరు చదివారో పేర్లతో సహా కనబడుతుంది. ఇక "నోటెడ్ మేడం" అక్కర్లేదు. శుభాకాంక్షలకు వేరే గ్రూపు ఉండనివ్వండి. పండగ పూట అవీ వద్దంటే స్టాఫ్ రూంలో మీకు టీ కూడా దక్కదు.

పక్క గదిలో ఉన్నవాళ్లకు అసలు మెసేజ్ ఎందుకు? సర్క్యులర్ పుస్తకం అటెండర్ చేతికిచ్చి తిప్పితే పది నిమిషాల్లో అందరి సంతకాలూ వస్తాయి. పైగా రేపు "నాకు చెప్పలేదు" అనే మాట రాదు.

తల్లిదండ్రుల గ్రూపులో వీడియోలు

ఆగస్టు 15న పిల్లల డ్యాన్స్ వీడియో 16 ఎంబీ అనుకోండి. గ్రూపులో 300 మంది ఉంటే అందరి ఫోన్లలో కలిపి 4,800 ఎంబీ దిగుతుంది. కూలికి వెళ్లే తల్లి రోజువారీ ప్యాకేజీలోంచి కూడా తన వాటా ఖర్చవుతుంది. వీడియోను ఒకచోట పెట్టి లింకు పంపండి, కావాల్సినవాళ్లు చూసుకుంటారు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా ఆపుకోవడం ఎలాగో పేరెంట్స్ మీటింగ్‌లో ఫోన్ పట్టుకుని చూపించండి.

మెయిల్

రోజుకు రెండుసార్లు, పదకొండింటికి, మూడింటికి తెరిస్తే చాలు. నిజంగా అర్జెంటయితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసు వాళ్లు ఫోనే చేస్తారు.

అటాచ్‌మెంట్ల సంగతి చాలామందికి తెలియదు. మెయిల్ పుట్టింది అక్షరాల కోసం. అందుకే ఏ ఫైలు పెట్టినా అది ముందు అక్షరాలుగా మారి వెళ్తుంది, అలా మారేసరికి మూడో వంతు బరువెక్కుతుంది. 9 ఎంబీ స్కాన్ కాపీ దారిలో 12 ఎంబీ అవుతుందన్నమాట. కాగితాలు రంగుల్లో కాకుండా నలుపు తెలుపులో, 200 డీపీఐ (స్కాన్ స్పష్టత కొలత) లోపు స్కాన్ చేస్తే చదవడానికి సరిపోతుంది. "రిప్లై ఆల్" బటన్ జోలికి మాత్రం వెళ్లకండి.

తరగతి గదిలో

అసలు డేటా పోయేది ఇక్కడే. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిచే వీడియో కూడా గంటకు 450 ఎంబీ లాగేస్తుంది. ఒకే పాఠం ఏ, బీ, సీ సెక్షన్లకు మూడుసార్లు ఆన్‌లైన్‌లో వేస్తే లెక్క మీరే కట్టుకోండి. ప్రభుత్వ డిజిటల్ పాఠాలుండే దీక్ష యాప్‌లో పాఠం ముందురోజే దింపుకుంటే తర్వాత నెట్ లేకుండానే నడుస్తుంది. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను ఒకసారి కంప్యూటర్‌లోకి దించుకుంటే, పిల్లలు నెట్ లేని రోజు కూడా వెతుక్కోవచ్చు.

ల్యాబ్‌లో విండోస్ అప్‌డేట్లు పాఠం మధ్యలో దిగకుండా సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌ను "మీటర్డ్"గా (డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా) మార్చండి. శనివారం బడి వదిలాక మీరే అప్‌డేట్ చేసుకోండి. పూర్తిగా ఆపేస్తే మాత్రం వైరస్‌కు తలుపు తీసినట్టే.

నెల తర్వాత

మళ్లీ ఒక వారం లెక్క రాయండి. నాలుగు దారుల్లో వచ్చిన ప్రొఫార్మాలను ఎర్ర సిరాతో గుర్తు పెట్టి, కాంప్లెక్స్ మీటింగ్‌కు ఆ పుస్తకం తీసుకెళ్లండి. చెబితే వింటారా అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్న విడివిడి యాప్‌లను 2025లో "లీప్" పేరుతో ఒక్కటిగా చేశారు. ఎంఈఓ గారిని ఒక్కటే అడగండి: "సార్, ఏ ప్రొఫార్మా అయినా ఒక్క దారిలోనే పంపించండి, ఆ దారేదో మీరే చెప్పండి."