నేరేడు గింజ, ఉస్తికాయ, ఉసిరి: ఇంట్లో మందుకు దాచుకునే పద్ధతి

జూన్‌లో తిరుపతి, చిత్తూరు బజార్లలో తట్టల నిండా నేరేడు పండ్లు కనిపిస్తాయి. పండు తిని గింజ ఊసేసేవాళ్లే ఎక్కువ. నిజానికి ఇంటివైద్యంలో ఎక్కువగా వాడేది ఆ గింజనే. పొడి కొట్టడం పెద్ద పనేం కాదు, చెడేదంతా ఎండబెట్టే దగ్గరే. నేరేడు వచ్చే రోజుల్లోనే ఆకాశం మబ్బుపట్టడం మొదలవుతుంది కాబట్టి ఎండను చూసుకుని పని పెట్టుకోవాలి.

రెండు కిలోల అల్లనేరేడు తీసుకోండి. చిన్న నాటునేరేడులో కండ తక్కువ. పొడికి అదైనా సరే గానీ పాకానికి చాలదు. పండ్లు కడిగి స్టీలు గిన్నెలో వేసి చేత్తోనే పిసకండి. మిక్సీలో వేస్తే గింజ చితికి రసమంతా వగరెక్కుతుంది. ఇనుప పాత్ర అసలు వద్దు, నేరేడులోని వగరు ఇనుముతో కలిస్తే రసం నల్లబడి రుచి చెడుతుంది. గింజలు వేరుచేసి, కండ పూర్తిగా వదిలేదాకా రెండు మూడు నీళ్లు మార్చి రుద్ది కడగాలి. బూజుకు మొదటి చోటు గింజను అంటుకున్న ఆ గుజ్జే. అందులో తీపి ఉంటుంది, తడి ఉంటుంది, బూజుకు ఇంకేం కావాలి?

కడిగిన గింజలను మిద్దె మీద పలచని గుడ్డపై ఒక్క వరసగా పరవండి. రెండో రోజుకు పైపొర పెళుసుగా చిట్లుతుంది, దాన్ని ఒలిచి పారేయండి. లోపలి పచ్చటి పప్పును రెండుగా చీల్చి మళ్లీ ఎండలో పెట్టండి. చీల్చకపోతే పైన ఎండినట్టే ఉంటుంది, మధ్యలో తడి అలాగే నిలుస్తుంది. గట్టి ఎండలో అయిదారు రోజులు, మబ్బుగా ఉంటే పది రోజులు పట్టొచ్చు. మంచు తగలకుండా సాయంత్రం లోపలికి తెచ్చేయాలి. పంటి కింద పెట్టి కొరికితే టక్కున విరగాలి. వంగితే ఇంకా కాలేదన్నమాట. రెండు కిలోల పండ్లకు చివరికి పావుకిలో లోపే పప్పు మిగులుతుంది.

మిక్సీలో కొంచెం కొంచెంగా, మధ్యమధ్య ఆపుతూ తిప్పండి. ఏకధాటిగా తిప్పితే పొడి వేడెక్కి, ఆ వేడికి ఆవిరి పట్టి ఉండ కడుతుంది. పలచని గుడ్డలో జల్లించి, పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో నింపి మూత బిగించండి. మూడు నాలుగు నెలలకు సరిపడా మాత్రమే పొడి చేసుకుని, మిగతా పప్పును అలాగే దాచుకోవడం మేలు.

ఇంటివైద్యంలో షుగర్ తగ్గుతుందని అర టీస్పూను పొడిని పొద్దున, సాయంత్రం గోరువెచ్చని నీళ్లతోనో మజ్జిగతోనో తాగుతారు. వగరు వస్తువు కాబట్టి ఎక్కువైతే మలబద్ధకం. షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టకూడదు. రెండూ కలిసి చక్కెర మరీ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తాయి. పొడి తాగుతున్నాం కదా అని మాత్ర ఆపేయడం ఇంకా ప్రమాదం. గర్భిణులు వాడకుండా ఉండడమే మంచిది.

ఇక మిగిలిన రసం. లీటరు రసానికి కిలోన్నర చక్కెర, అర టీస్పూను నిమ్మఉప్పు వేసి సన్నమంట మీద మరగనివ్వండి. పైకొచ్చిన నురగ తీసేస్తూ ఉండాలి. చల్లటి పళ్లెంలో ఒక చుక్క వేస్తే పారకుండా నిలబడి, వేళ్లకు జిగటగా తగిలితే దించేయొచ్చు. చక్కెర ఎక్కువనిపించి తగ్గించారంటే రసం నిలవ ఉండదు. పాకం చిక్కగా ఉంటేనే పులియబెట్టే సూక్ష్మజీవులకు నీళ్లు అందవు. పలచబడితే వారంలోనే బుడగలు వచ్చి మూత ఎగిరిపోతుంది. తగ్గించాలనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి రెండు వారాల్లో వాడేయాలి. ఈ పాకాన్ని నీళ్లలో కలిపి వేసవి దాహానికి ఇస్తారు. విరేచనాలకు ముందుగా ఇవ్వాల్సింది ఓఆర్‌ఎస్ నీళ్లు, ఇది కాదు. నేరేడు షుగర్‌కు మంచిదని విని ఈ పాకం తాగే అమాయకులు కూడా ఉన్నారు. ఇది నూటికి అరవై పాళ్లకు పైగా చక్కెర నాయనా!

ఉస్తికాయ సంగతి వేరు, దీన్ని ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెట్టి వరుగుగా దాచుకుంటారు. చిత్తూరు వైపు తమిళం కలిసిన ఇళ్లలో దీన్నే సుండక్కాయ్ అంటారు. బఠాణీ అంతుండే పచ్చి చేదుకాయ, గుత్తులుగా అమ్ముతారు. ముదురు పచ్చగా, గట్టిగా ఉన్నవే కొనండి. పసుపు తిరిగినవాటిలో గింజ ముదిరి పంటికి ఇసుకలా తగులుతుంది. పొలంగట్ల మీద నేలకు పరుచుకుని ఒళ్లంతా ముళ్లుండే నేలవాకుడు కాయల్ని ఇవే అనుకుని కోసుకురాకండి.

కిలో కాయలకు లీటరు పుల్లటి చిక్కటి మజ్జిగ, 80 గ్రాముల రాళ్లుప్పు, అర టీస్పూను పసుపు కావాలి. తొడిమలు తీసి కడిగి, ఒక్కో కాయను రోకలితో మెల్లగా ఒక్క దెబ్బ కొట్టండి. నుగ్గవకూడదు, తొక్క చిట్లితే చాలు. చిట్లని కాయలోకి ఉప్పు దిగదు. అది పైకి వరుగులా కనిపించినా లోపల కుళ్లుతుంది. వరుగు పాడైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఈ దెబ్బ సరిగా పడకే. రాత్రంతా ఉప్పు, పసుపు కలిపిన మజ్జిగలో నాననిచ్చి, పొద్దున కాయల్ని మాత్రం ఎండలో పోయండి. సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలో వేయండి. మజ్జిగంతా పీల్చుకునేదాకా మూడు రోజులు ఇలాగే. తర్వాత వట్టి ఎండలో నాలుగైదు రోజులు. చాటలో వేసి చెరిగితే గలగలమనాలి. ఫిబ్రవరి, మార్చి ఎండలు దీనికి బాగా కుదురుతాయి. అక్టోబరు, నవంబరు వానల్లో మొదలుపెడితే మజ్జిగ కుళ్లడమే మిగులుతుంది.

నూనెలో వేయించి మజ్జిగన్నంలోకి తినొచ్చు. గుప్పెడు వరుగును నేతిలో వేయించి, చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు, కరివేపాకు, చిటికెడు ఇంగువతో పొడి కొట్టుకుంటే వేడన్నంలో మొదటి ముద్దకు బాగుంటుంది. నోరు చేదెక్కినప్పుడు, ఆకలి మందగించినప్పుడు పెద్దలు పెట్టేది ఇదే. వరుగులో ఉప్పు బాగా ఉంటుంది, బీపీ ఉన్నవాళ్లు రెండు మూడు కాయలతో ఆపాలి. కడుపులో పురుగులకు దీన్నే నమ్ముకుని, బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పిల్లలకు మానిపించకండి.

ఉసిరిని తేనెలో వేసేవాళ్లు చాలామంది ఒకే పొరపాటు చేస్తారు: పచ్చికాయను నేరుగా వేయడం. కాయలోని నీరు తేనెలోకి దిగి, తేనె పలచబడి పులుస్తుంది. అరకిలో ఉసిరిని ఆవిరిపై పది నిమిషాలు ఉడికించి, తొనలు విడదీసి, తడి పోయేదాకా ఒక పూట ఎండనిచ్చి, అప్పుడు అరకిలో తేనెలో మునిగేలా వేయండి. మొదటి వారం రోజూ పొడి గరిటెతో కలిపి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఏడాది నిండని పసిపిల్లలకు తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు.

నల్లమచ్చ, తెల్లనూగు, ముక్కిన వాసన కనిపిస్తే పైపైన తీసేసి మిగతాది ఎండబెట్టుకుందామనుకోవద్దు. బూజు వదిలిన విషం ఎండకు పోదు. సీసా మొత్తం పారేయాల్సిందే. పండ్ల కోసం శేషాచలం అడవిలోకి వెళ్లే పని కూడా పెట్టుకోకండి, జాతీయ పార్కు హద్దుల్లో కాయ కోయడం చట్టం ఒప్పుకోదు. బజారులో సీజన్‌లో దొరికినవే చాలు.