ఓవర్‌ట్రైనింగ్ అయిందా, నిద్ర చాలట్లేదా? తేల్చుకోవడం ఎలా?

బెంచ్ ప్రెస్‌లో (బల్ల మీద పడుకుని బరువు పైకి నెట్టడం) నెల నుంచి బరువు పెరగట్లేదు, భుజాలు లాగేస్తున్నాయి, జిమ్ అంటేనే విసుగు. ఇట్లా ఉంటే మా కడప పిల్లోళ్లు వెంటనే "ఓవర్‌ట్రైనింగ్ అయింది అన్నా" అంటారు. నిజమైన ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అంటే వారాలు విశ్రాంతి తీసుకున్నా కోలుకోక, నెలల తరబడి బలం తగ్గి ఉండడం. బరువులెత్తేవాళ్లలో అది అరుదు. దూరపు పరుగు, సైక్లింగ్ చేసేవాళ్లలోనే ఎక్కువ. మనకు తగిలేది చాలావరకు కొద్దిరోజుల అలసట. ఏది ఏదో ఇట్లా చూసుకోండి.

ముందు ఒక నోట్‌బుక్ పెట్టండి. ఎత్తిన బరువు, రెప్స్ (ఆపకుండా ఎన్నిసార్లు ఎత్తారో), పడుకున్న గంటలు, పొద్దున మంచం దిగకముందు నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో రెండు వారాలు రాయండి. ఒక్కరోజు బరువు లేవకపోతే అది లెక్క కాదు. అదే వ్యాయామంలో వరసగా మూడు నాలుగు సార్లు తగ్గి, నాడి కూడా మామూలు కన్నా పెరిగి ఉంటే అప్పుడు ఆలోచించాలి. ఒళ్లు నొప్పులు మాత్రం దీనికి గుర్తు కాదు.

తర్వాత పళ్లెం, పరుపు చూసుకోండి. అసలు దొంగ ఎక్కువగా ఇక్కడే దొరుకుతాడు. కండ పెరగాలంటే కిలో బరువుకు రోజుకు సుమారు 1.6 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 70 కిలోల మనిషికి 112 గ్రాములు. పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, రాత్రి సంగటి తిని అంత ఎక్కడి నుంచి వస్తుంది? ఒక గుడ్డులో ఆరు గ్రాములే. గుడ్లు, చికెన్, పప్పు, పెరుగు పెంచండి. చెనిక్కాయలూ మంచివే గానీ నూనె ఎక్కువ, వాటి మీదే ఆధారపడితే బొజ్జ వస్తుంది. ఇక నిద్ర. నేను ఒక ఎండాకాలం ఫోన్ పట్టుకుని రాత్రి ఒంటిగంట దాకా మేలుకుని, ఆరింటికే జిమ్‌కు పోయి, తప్పంతా స్క్వాట్స్ (బరువుతో కూర్చుని లేవడం) మీదికి తోశాను. ఏడెనిమిది గంటలు పడుకోవడం మొదలుపెట్టాక అవే స్క్వాట్స్ లేచాయి. ఎండ 40 దాటే రోజుల్లో జిమ్‌కు తెల్లవారుజామునే పోండి, నీళ్లు బాగా తాగండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా బలం తగ్గుతూనే ఉంటే ఒక వారం సెట్లు (ఆపకుండా చేసే రెప్స్ విడతలు) సగం చేయండి, బరువు కాస్త దించండి. పూర్తిగా మానేయక్కర్లేదు. బండలాగుడు పోటీకి ముందురోజు ఎద్దులతో బండ లాగించే రైతు ఉంటాడా?

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఒక్కో కండరానికి వారానికి పది సెట్లతో చూడండి. ప్రతి సెట్టూ ఇక లేవనంత దాకా లాగొద్దు, ఒకటి రెండు రెప్స్ మిగలనివ్వండి. కోలుకుంటున్నారనిపిస్తేనే ఒకటి రెండు సెట్లు కలపండి.

నెల దాటినా నీరసం పోకపోతే డాక్టర్ దగ్గర రక్తం, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించండి. గట్టి వ్యాయామం తర్వాత మూత్రం కోలా రంగులోకి మారితే మాత్రం ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి పోండి. కండరాలు చితికి వాటిలోని పదార్థం రక్తంలో కలిస్తే కిడ్నీలు దెబ్బతింటాయి.