అకాడమీ తెరిచారు కదా అని పిల్లల చేత మొదటి రోజే ఫుల్ స్పీడ్‌లో బౌలింగ్ వేయించకండి

చెన్నైలో కొన్నాళ్లు మూతపడిన క్రికెట్ అకాడమీలు తెరవగానే పిల్లలు పాత వేగంతోనే బంతులేయాలని చూస్తారు. ఆయాసం రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, ఎముక గట్టిపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఒక్కసారిగా భారం పెరిగితే నడుము దగ్గరి వెన్నుపూసలో సన్నని చీలిక రావచ్చు. అందుకే మొదటి వారం రోజు విడిచి రోజు, మూడు ఓవర్లు, సగం రనప్‌తో (బంతి వేసే ముందు తీసే పరుగు) చాలు. తర్వాత వారానికి ఒక్క ఓవరే పెంచండి. 13 ఏళ్లలోపు ఫాస్ట్ బౌలర్లకు ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పెట్టిన హద్దు స్పెల్‌కు, అంటే ఒక విడతకు, 5 ఓవర్లు, రోజుకు 10. ఇక్కడా అది దాటనివ్వకండి.

మన ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండకు మళ్లీ అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు కావాలి, అన్నాళ్లూ ఉదయం ఎనిమిదిలోపే ముగించండి. లీటరు ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కొంచెం వేసి కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

పాత షూ తొడిగించి చూడండి, వేళ్ల ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ లేకపోతే మార్చాల్సిందే.

ఈమధ్య కోవిడ్ వచ్చి తగ్గిన పిల్లలకు ఆటలో ఛాతీ నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే ఆపించి, డాక్టర్ చూశాకే మళ్లీ గ్రౌండ్‌కు పంపండి.